ముందే నింపిన గళ్ళు

మధ్యాహ్నం మూడు గంటల గడిలో ఆమె 'నలభై చూశాను, రెండు పక్కన పెట్టాను' అని రాసేటప్పటికి మూడు గంటలు ఇంకా సరిగ్గా కొట్టనేలేదు. బల్ల మీద ఒక్క చొక్కా కూడా లేదు. అయినా రాసింది. అక్కడ అందరూ అలాగే రాస్తారు. చొక్కాలు కొనే కంపెనీల తరఫు మనుషులు ఏ క్షణంలో వచ్చి చూసినా ఆ గంట గడి ఖాళీగా ఉండకూడదు. ఖాళీగా కనిపిస్తే ఇంచార్జికి చీవాట్లు, ఇంచార్జి దగ్గర్నుంచి వాటికి రెట్టింపు బల్లల దగ్గరికి. కాబట్టి ముందు గడి నింపడం, తర్వాత పని చేయడం. గంట చివర చూసుకుంటే లెక్క దాదాపు సరిపోతుంది కూడా. అందుకని దాన్ని అబద్ధమని ఆ హాలులో ఎవరూ అనుకోరు. కాస్త ముందుగా రాసుకున్న నిజం, అంతే.

చొక్కాలు వచ్చి పడ్డాయి. ఆమె ఒక్కోదాన్నీ ఒక్క విదిలింపు విదిలించి, వెలుతురుకి పట్టి, ముందు కాలరు, తర్వాత భుజాలు, తర్వాత చేతుల పట్టీలు, చివర పక్క కుట్టు చూస్తోంది. కుట్టు ఒక్కటి జారినా, బొత్తాం వెనక దారప్పోగు మిగిలినా ఆమె వేలు తిన్నగా అక్కడికే పోతుంది. అందుకే ఆమెను అందరూ 'సూదికన్ను' అంటారు. పిలుపులో కాస్త మెచ్చుకోలు ఉంది, కాస్త కుళ్ళూ ఉంది.

పదకొండో చొక్కా చేతిలో ఉండగా పొట్ట మళ్ళీ బిగుసుకుంది. భోజనం అయ్యాక ఇది మూడోసారి. కడుపులో బిడ్డకి ముప్ఫై వారాలు. ఆమె బల్ల అంచు పట్టుకుని నిలబడింది. ఇంచార్జి అటే వస్తున్నాడు. నిమిషానికోసారి చేతి గడియారం చూసుకుంటాడని ఆయనకి చాటుగా 'గడియారం' అని పేరు.

"సార్, పొట్ట బిగుసుకుంటోంది. కాసేపు కూర్చుంటాను."

"కూర్చుంటే కాలరు ఏం కనబడుద్దమ్మా? ఈ గంట అవనీ."

"ఇది మూడోసారి సార్."

"మా ఆవిడా ఇద్దర్ని కంది. నాకు చెప్పకు. అదంతా మామూలే."

ఆయన కోపంగా ఏమీ అనలేదు. అసలు ఆమె ముఖం వంక చూడనైనా లేదు, షీటు వంక చూశాడు. మూడు గంటల గడి నిండే ఉంది. ఆమె ఆ గంటంతా నిలబడి ముప్ఫై తొమ్మిది చొక్కాలు చూసింది. నలభయ్యోది అందుకోవడానికి వంగినప్పుడు తొడల మధ్య వెచ్చగా తడి తగిలింది.

పక్క బల్ల దగ్గరి బొత్తాల అక్క నేల మీద తడి చూసి పని ఆపేసింది. అప్పుడు కదిలాడు గడియారం. వ్యానుకి కబురు పెట్టాడు, కుర్చీ తెప్పించాడు, మంచినీళ్ళు ఇప్పించాడు. అన్నీ సక్రమంగానే చేశాడు, పాపం. ఆమె లేచి నాలుగడుగులు వేశాక వెనక నుంచి పిలిచాడు.

"ఆ షీటు సంగతి చూసి వెళ్ళమ్మా. నాలుగూ ఐదూ ఖాళీగా ఉన్నాయి."

ఆమె వెనక్కి వచ్చింది. ఒక చేత్తో పొట్ట పట్టుకుని, ఇంకో చేత్తో నాలుగు గంటల గడిలో నలభై, ఐదు గంటల గడిలో నలభై వేసి సంతకం పెట్టింది. ఆ రెండు గంటలూ ఆమె వ్యానులో కొంతసేపు, ఆస్పత్రి వరండాలో స్ట్రెచర్ మీద కొంతసేపు ఉంది.

*

"గర్భసంచి మూతి పొట్టిదైపోయింది. ఉమ్మనీరు కొద్దికొద్దిగా కారుతోంది," అంది పెద్ద డాక్టరమ్మ. "కనీసం ఇంకో నాలుగు వారాలు బిడ్డని లోపలే ఆపాలి. లోపల ఒక్క రోజు గడిస్తే బయట గాజుపెట్టెలో మూడు రోజులు తగ్గినట్టు. మంచం దిగడానికి వీల్లేదు. అర్థమైందా?"

అర్థమైంది. మంచానికి కాళ్ళవైపు రెండేసి ఇటుకలు పెట్టి ఎత్తు చేశారు. బిడ్డ ఊపిరితిత్తులకని తొడకి సూది వేశారు. పడుకుంటే పైకప్పు, పక్కకి తిరిగితే గోడ. తుమ్ము వస్తే ముక్కు నులుముకుని ఆపుకునేది. దగ్గు వస్తే గుక్కెడు నీళ్ళు తాగేది. ఏ కుదుపుకి ఏం జారిపోతుందోనని కాళ్ళు దగ్గరగా బిగబట్టుకుని పడుకునేది. రెండో రోజుకల్లా తొడలు నొప్పి పుట్టి వణికాయి.

పొద్దుటి నర్సు ఒక అట్ట, దానికి తగిలించిన కాగితం తెచ్చి ఇచ్చింది. వార్డులో ఇరవై నాలుగు మంచాలు, నర్సు ఒక్కతే. మాట్లాడుతూనే పక్క మంచం దుప్పటి సర్దుతుంది, సెలైను చూస్తుంది, కలం వెతుక్కుంటుంది.

"పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. తిన్నాక ఎడమవైపు తిరిగి పడుకో. బిడ్డ కదిలినప్పుడల్లా గడిలో ఒక టిక్కు పెట్టు. రెండు గంటల్లో పది రావాలి. రాకపోతే నాకు చెప్పు."

"చెబితే ఏం చేస్తారు సిస్టర్?"

"మిషన్ పెట్టి బిడ్డ గుండె చూస్తాం. లోపల బాలేదనుకుంటే బయటికి తీసేస్తాం."

నర్సు వెళ్ళిపోయాక కూడా ఆ చివరి మాట ఒక్కటే ఆమె చెవిలో ఉండిపోయింది. తీసేస్తాం. చేతిపట్టీ సరిగ్గా అతకలేదని కుట్లు విప్పి తీసేసినట్టు.

మొదటి రెండు రోజులూ ఒళ్ళంతా చెవులు చేసుకుని లెక్కపెట్టింది. ఇది కదలికేనా, పేగుల్లో గాలా? ఇది ఒక తన్నా, రెండా? సందేహం వస్తే టిక్కు పెట్టేది కాదు. నలభైలో రెండు పక్కన పడేసే చెయ్యి అది, సొంత కడుపైనా అంత తేలిగ్గా పాస్ చేయదు. రెండు టిక్కుల మధ్య పావుగంట గడిస్తే ఆమెకి పై ప్రాణాలు పైనే పోయేవి. అయినా పన్నెండు, పదకొండు, పన్నెండు, పదకొండు, పదకొండు, పది వచ్చాయి.

అత్తగారు రోజూ మధ్యాహ్నం క్యారేజీ తెచ్చి స్టూలు మీద కూర్చునేది. గిన్నెలు విప్పుతూ మాట్లాడేది.

"నేను ముగ్గుర్ని కన్నాను. ముగ్గురూ నెలలు నిండాకే వచ్చారు. ఒక్కళ్ళూ తొందరపడలేదు."

ఆమె నోట్లో ముద్ద అలాగే పెట్టుకుని వినేది.

"ఒంటి మీద ధ్యాస ఉండాలమ్మాయ్. కడుపులో బిడ్డనే పట్టుకోలేకపోతే రేపు చేతుల్లో ఏం పట్టుకుంటావ్?"

"నేనేం చేశాను అత్తయ్యా?"

"ఏం చేశావని నేనన్నానా? తిను, చల్లారిపోద్ది."

భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. సాయంత్రం డ్యూటీ దిగి గ్రీజు చేతులతో వచ్చి, వార్డు కుళాయి దగ్గర రెండుసార్లు సబ్బు పెట్టి కడుక్కుని, అప్పుడు కూడా పొట్ట మీద చెయ్యి ఆనీ ఆననట్టు పెట్టేవాడు. ఆ కాగితం మీది టిక్కులు లెక్కపెట్టి సంతోషపడేవాడు. "పది ఉన్నాయిగా. ఇంకేంటి నీ బెంగ?" అనేవాడు. అమ్మ ఏమందో అతనికి ఆమె చెప్పలేదు. చెప్పినా, అమ్మ మాటలకేం లే అంటాడు.

*

పక్క మంచం కండక్టరమ్మది. పదిహేనేళ్ళుగా బస్సులో టిక్కెట్లు కొడుతోంది. ముప్ఫై ఒకటో వారం, బీపీ ఎక్కువైందని చేర్చారు. ఆవిడ లెక్క చాలా కచ్చితం. "టిక్కెట్టు కొట్టకుండా నా బస్సులో ఈగ కూడా ఎక్కదు," అనేది. మూడో రోజు పొద్దున రెండు గంటలు చూసి, ఆరు టిక్కులు పెట్టి, నర్సుని కేకేసింది.

అరగంటలో మిషను వచ్చింది, పెద్ద డాక్టరమ్మ వచ్చింది, స్ట్రెచర్ వచ్చింది. కండక్టరమ్మ గాజులు, చెప్పులు ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి మంచం మీద పెట్టి వెళ్ళారు. మధ్యాహ్నానికి తెలిసింది, మగపిల్లాడు, కిలో మూడు వందల గ్రాములు, గాజుపెట్టెలో ఉన్నాడు.

మర్నాడు కండక్టరమ్మని చక్రాల కుర్చీలో తీసుకెళ్ళి పిల్లాణ్ణి చూపించి తెచ్చారు. వచ్చి మంచం ఎక్కాక ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది.

"ఎలా ఉన్నాడక్కా?" అని ఆమె అడిగింది.

"మనోడు స్టేజీ రాకముందే దిగిపోయాడు కదా, అలాగే ఉన్నాడు." నవ్వబోయింది కండక్టరమ్మ, నవ్వు రాలేదు. "నా అరచేయంత లేడు. చర్మం కింద అన్నీ కనబడతన్నాయి. ముక్కులో గొట్టం, బొడ్డులో గొట్టం. ఏడుస్తుంటే నోరు తెరుస్తున్నాడు గానీ శబ్దం బయటికి రావట్లేదు. ముట్టుకోనివ్వలేదు."

అప్పుడు గిన్నెలు సర్దుతున్న అత్తగారు అటు వినబడకుండా కోడలి మీదికి వంగింది.

"చూశావా? తక్కువ రాసింది, కోసేశారు. ఆ కాగితమే పిల్లాణ్ణి బయటికి లాగింది."

ఆ పూట ఆమెకి రెండు గంటల్లో తొమ్మిది వచ్చాయి. కలం పట్టుకుని ఇంకో పది నిమిషాలు చూసింది. నోరు తెరిచి శబ్దం లేకుండా ఏడుస్తున్న పిల్లాడు కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. పదోది పెట్టేసింది. పెట్టిన ఐదు నిమిషాలకి బిడ్డ కదిలింది. అదిగో, సరిపోయింది అనుకుంది.

మర్నాడు ఏడు వస్తే పది పెట్టింది. ఆ మర్నాడు ముద్ద మింగి పక్కకి తిరగ్గానే పది పెట్టేసి, తర్వాత లెక్క మొదలుపెట్టింది. చిత్రమేమంటే అప్పుడే ప్రాణం తేలికపడింది. గడి నిండి ఉంటే భయం ఉండేది కాదు. భయం లేకపోతే పొట్ట బిగుసుకునేది కాదు. హాయిగా పడుకుని బిడ్డతో కబుర్లు చెప్పేది, బిడ్డ కదిలేది. మరో రెండు రోజులకి పొద్దున్నే మూడు పూటలవీ నింపేయడం మొదలుపెట్టింది. చేతికి అలవాటైన పనే. టిక్కులు ఒకే ఎత్తున, ఒకదానికొకటి సమానదూరంలో కుదిరేవి.

పెద్ద డాక్టరమ్మ రౌండ్లకి వచ్చినప్పుడు ఆ కాగితం ఎత్తి విద్యార్థులకి చూపించింది. "ఇలా ఉండాలి చార్టంటే," అంది. పొద్దుటి నర్సు దాన్ని మిగతా మంచాల దగ్గరికి కూడా తీసుకెళ్ళి చూపించింది. సూదికన్ను వార్డులో కూడా మంచి పేరే తెచ్చుకుంది.

సూదికన్ను గనకనే ఇంకోటి కూడా ఆమె కంటబడింది. అట్టకి తన కాగితం కింద నర్సు రాసే కాగితం ఒకటి ఉండేది. నాలుగు గంటలకోసారి బిడ్డ గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటోందో అందులో రాయాలి. మిషను రోజుకి ఒక్కసారే వచ్చేది. గళ్ళు మాత్రం ఆరూ నిండి ఉండేవి. నూట నలభై రెండు, నూట ముప్ఫై ఎనిమిది, నూట నలభై నాలుగు. ఒకే సిరా, ఒకే వాలు, ఒక్క గుక్కలో రాసిన అంకెలు. అవి ఎలాంటి అంకెలో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. ఆమెకి నర్సు మీద కోపం రాలేదు. ఇరవై నాలుగు మంచాలకి ఒక్కతే, ఏం చేస్తుంది అనుకుంది. ఈవిడా మన బాపతే అనుకుని మనసులో నవ్వుకుంది.

*

పన్నెండో రోజు. పొద్దున టీ తాగి, మూడు గళ్ళూ నింపి, పక్కకి తిరిగింది. బిడ్డ కదల్లేదు.

నిద్రపోతోందేమో అనుకుంది. అరగంట ఆగి చల్లటి నీళ్ళు తాగింది. పంచదార నోట్లో వేసుకుంది. వేళ్ళతో పొట్టను ఇటు నుంచి అటు నొక్కింది. ఎప్పుడూ కుడిపక్కన మడమలా తగిలేది ఇవాళ తగల్లేదు. నొక్కితే లోపల ఏదో మెల్లగా పక్కకి జరిగి, మళ్ళీ వచ్చి అక్కడే ఆగింది. అది కదలడం కాదు, కదపబడటం. తేడా ఆమె వేళ్ళకి తెలిసింది. మనసు మాత్రం ఒప్పుకోలేదు.

పిలవాలి. పిలిస్తే నర్సు అట్ట తీసి చూస్తుంది. పొద్దుటి గడిలో పది ఉన్నాయి. పది పెట్టి కదల్లేదంటావేంటి అని అడుగుతుంది. అన్నీ తప్పని చెప్పాలి. చెబితే పెద్ద డాక్టరమ్మ వస్తుంది, అత్తగారు వస్తుంది, స్ట్రెచర్ వస్తుంది. ముప్ఫై రెండు వారాలకే తీసేస్తారు. కాసేపు చూద్దాం అనుకుంది. చూస్తూ చూస్తూ మధ్యాహ్నం పన్నెండైంది. నిప్పుల మీద పడుకున్నట్టు పడుకుంది.

"సిస్టర్," అంది చివరికి. "కదలట్లేదనిపిస్తోంది."

నర్సు వచ్చింది. అలవాటు ప్రకారం అట్ట తీసింది. "పొద్దున పది పెట్టావుగా," అంటూ వేలు పక్కకి జరిపింది. మధ్యాహ్నం గడిలో పది. ఇంకా పక్కకి జరిపింది. సాయంత్రం గడిలో పది. అప్పటికింకా మధ్యాహ్నం భోజనాల బండి వార్డులోకి రాలేదు.

నర్సు తలెత్తింది. ఆమె వంక చూసింది. ఆమె నర్సు చేతిలోని అట్ట వంక చూసింది. పై కాగితం ఎత్తి పట్టుకున్నందువల్ల కింది కాగితం కనబడుతోంది. సాయంత్రం నాలుగింటి గడిలో నూట నలభై అని రాసి ఉంది.

కాగితం కిందికి జారవిడిచింది నర్సు. 

"మిషన్ కాన్పుల గదిలో ఉంది," అంది నర్సు. "రాగానే తెస్తాను. ఎడమవైపు తిరిగి పడుకో."

"సిస్టర్, పొద్దుట్నుంచీ—"

"తెస్తానన్నాగా."

రెండు గంటలకి నర్సు డ్యూటీ మారింది. తలుపు దగ్గర చేతిసంచి భుజానికి తగిలించుకుంటూ ఒక్కసారి ఆ మంచం వైపు చూసి, వెళ్ళిపోయింది. తర్వాత వచ్చిన నర్సుకి ఏం చెప్పిందో, అసలు చెప్పిందో లేదో తెలియదు. మిషను ఐదు గంటలకి వచ్చింది. కొత్త నర్సు పొట్ట మీద చల్లటి జిగురు రాసి, అది ఎండిపోతే మళ్ళీ రాసి, నాలుగు వైపులా పెట్టి చూసింది. గరగర తప్ప ఏమీ వినబడలేదు. పక్క మంచం మీద కండక్టరమ్మ లేచి కూర్చుని, రెండు చేతులతో నోరు మూసుకుంది.

*

తెల్లారేసరికి అంతా అయిపోయింది. ఆడపిల్ల. కిలో ఆరు వందల యాభై గ్రాములు. కండక్టరమ్మ కొడుకు కంటే మూడు వందల యాభై ఎక్కువ. ఆ లెక్క ఆమె అడక్కుండానే ఆయా చెప్పింది.

పెద్ద డాక్టరమ్మ మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. ఆవిడ కూర్చోవడం అంతకుముందు ఆ వార్డులో ఎవరూ చూడలేదు. భర్త గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అత్తగారు మంచం మీదే కూర్చుని కోడలి జుట్టు చిక్కు తీస్తోంది.

"నీ తప్పేమీ లేదమ్మా," అంది డాక్టరమ్మ. "నిన్న సాయంత్రం దాకా కదలికలు బాగున్నాయి. నాలుగింటికి గుండె బాగుంది. ఆ తర్వాత ఒక్కసారిగా జరిగింది. ఒక్కోసారి ఇలా అవుతుంది. ఎవరూ ఏమీ చేయలేరు. నువ్వు చూసుకున్నంత బాగా ఈ వార్డులో ఎవరూ చూసుకోలేదు."

"విన్నావా?" అంది అత్తగారు. ఆవిడ గొంతు బొంగురుపోయింది. "పిచ్చి తల్లీ. నేనే నోటికొచ్చినట్టు ఏదేదో అన్నాను. మనసులో పెట్టుకోకు."

ఆ ఇంట్లో అడుగుపెట్టాక ఆవిడ నోట తల్లీ అన్న మాట వినడం ఆమెకి అదే మొదటిసారి. ఆ చెయ్యి మెత్తగా, వెచ్చగా తల మీద కదులుతోంది. ఆ చేతి కింద అలాగే ఉండిపోవాలనిపించింది. అయినా డాక్టరమ్మ వైపు తిరిగింది.

"నిన్న పొద్దుట్నుంచే కదల్లేదు," అంది. "అవన్నీ నేను ముందే పెట్టేశాను. రోజూ పొద్దున్నే పెట్టేస్తాను. అవి నిజం కాదు."

 డాక్టరమ్మ జాలిగా తల ఊపి, అట్ట తీసుకుంది.

"ఇలాంటప్పుడు అలాగే అనిపిస్తుందమ్మా. తప్పు నాదే, నాదే అని తల్లి ఏదో ఒకటి వెతుక్కుంటుంది. ఇదిగో చూడు, నీ చేత్తోనే ఉంది. పొద్దున పది. మధ్యాహ్నం పది. సాయంత్రం పది. గుండె లెక్క కూడా దానికి సరిపోయింది."

"సిస్టర్‌కి తెలుసు. సిస్టర్‌ని అడగండి."

పొద్దుటి నర్సు మందుల ట్రే పట్టుకుని మంచం చివర నిలబడి ఉంది. అందరూ అటు చూశారు. నర్సు ట్రేలోని సూదుల్ని ఒక వరసలోకి జరిపింది.

"చార్టు చాలా చక్కగా రాసేదండీ," అంది. "అందరికీ ఇదే చూపించేవాళ్ళం."

"నిద్రకి ఒకటి ఇవ్వు," అని డాక్టరమ్మ లేచింది. నర్సు సూది గుచ్చేటప్పుడు ఆమె చేతిని చాలా మెల్లగా పట్టుకుంది. ముఖం మాత్రం పైకెత్తలేదు.

డాక్టరమ్మ వెంట భర్త రెండడుగులు వేశాడు. "మేడమ్, ఆ కాగితం మాకిస్తారా? పాప కదిలిన గుర్తు అదొక్కటేనండీ మాకు."

ఫైల్లో ఉండాలి గానీ జిరాక్సు తీసిస్తామని చెప్పి, అంతవరకూ చూసుకోమని అట్ట అతని చేతికిచ్చింది డాక్టరమ్మ. అతను దాన్ని పట్టుకుని వచ్చి మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గోళ్ళ అంచుల్లో గ్రీజు అంటుకుంటుందని కాగితం ముట్టకుండా, పైపైనే వేలితో వరసలు చూశాడు. కళ్ళు తుడుచుకుని ఆమె ముఖంలోకి చూశాడు.

"ఒక్కటి చెప్పు. చివరిసారి గట్టిగా తన్నింది ఎప్పుడు? వీటిల్లో ఏది?"

ఆమెకి మాట ముద్దగా అయిపోతోంది. మళ్ళీ చెబుదామని నోరు తెరిచింది. అతను ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. అత్తగారి చెయ్యి తల మీద ఆగింది.

ఆమె చెయ్యి మెల్లగా లేచింది. నిన్నటి సాయంత్రం గడిలో ఏడో టిక్కు మీద వేలు పెట్టింది.

"ఇది," అంది.